రంపం హోరులో సంసారం

చెట్టుకీ డాక్టరుంటాడంటే నమ్ముతారా? పళ్ళకొకరు, కళ్ళకొకరు, పశువులకొకరు ఉన్నారని మనకి తెలుసు. చెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి తెలిసిన ఒకే ఒక్క మనిషి గొడ్డలి పట్టుకొచ్చేవాడు. పెరట్లో వేపకొమ్మ కరెంటు తీగకి తగిలినా, మునగచెట్టు పక్కింటి గోడ మీదికి ఒరిగినా వీధి చివర నుంచి ఎవరినో పిలుచుకొస్తాం. గీచి గీచి బేరమాడతాం. కొట్టించేస్తాం. ఆ మనిషి పేరేమిటో కూడా చాలామంది అడగరు.

అమెరికాలో కూతురికి పురుడు పోయడానికి వెళ్ళొచ్చిన అమ్మమ్మలు కొందరు ఈపాటికి ఈ వింత చూసే ఉంటారు. గాలివానకి ఇంటి వెనక పెద్ద చెట్టు వాలిపోతుంది. మర్నాడు ఓ లారీ వస్తుంది. నెత్తిన హెల్మెట్టు, నడుముకి బెల్టులు, భుజాన తాళ్ళు... అచ్చం కొండలెక్కేవాళ్ళలా ఉన్న మనుషులు దిగుతారు. సాయంత్రానికి చెట్టు ఉండదు, ఆకు కూడా మిగలదు. వాళ్ళిచ్చే బిల్లు చూసి అల్లుడుగారు గుటకలు మింగుతారు. వాళ్ళనే అక్కడ ఆర్బరిస్టులంటారు. చెట్టుని కొట్టడమొక్కటే కాదు, ఎండుకొమ్మలు తీసి, బరువు తగ్గించి, జబ్బు చేస్తే కనిపెట్టి, వీలైనన్నాళ్ళు బతికించడం కూడా వాళ్ళ పనే. అందుకు చదువుంది, పరీక్షలున్నాయి. ఇంగ్లండులో చెట్టు మీద మోటారు రంపం పట్టుకోవాలంటే దానికి తగ్గ శిక్షణ, అర్హత ఉండి తీరాలి.

ముగ్గురి జట్టు

ఇంగ్లండులో ఇలాంటి జట్లు ఎక్కువగా చిన్నవే. ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకరు పైకెక్కుతారు, మిగిలినవాళ్ళు కింద తాళ్ళు చూసుకుంటారు, పడిన కొమ్మల్ని లాగుతారు. తెల్లారకుండానే పని మొదలు. రంపం గొలుసుకి ఆకురాయితో పదును పెట్టుకోవాలి. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె కలిపి డబ్బాల్లో పోసుకోవాలి. ఇంత పెద్ద ఫ్లాస్కు నిండా టీ, రొట్టెముక్కలు సర్దుకోవాలి. చలికాలమైతే ఈ మొత్తం చీకట్లోనే!

చెట్టు దగ్గరికి వెళ్ళగానే రంపం తియ్యరు. ముందు చుట్టూ తిరిగి చూస్తారు. మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా? మొలిస్తే లోపల గుల్లబారి ఉండొచ్చు. బెరడు ఊడి వస్తోందా? కొమ్మల్లో పక్షి గూళ్ళున్నాయా? ఈ ఆఖరి ప్రశ్న ఏదో సున్నితం కోసం వేసేది కాదు. పక్షి కాపురముంటున్న గూటిని కావాలని పాడుచేస్తే 1981 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం. గుడ్లు పొదిగి పిల్లలెగిరిపోయేదాకా పని వాయిదా వేసుకున్న జట్లు ఎన్నో!

ఆ తర్వాత సన్నటి తాడుకి చిన్న బరువు సంచీ కట్టి పైకొమ్మ మీదుగా విసురుతారు. దాని వెంట అసలు తాడు లాగుతారు. ఎక్కే మనిషి నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని ఆ తాడు మీదే పైకి పాకుతారు. రంపంతో కోసేటప్పుడు ఒక్క తాడుని నమ్ముకోరు. లోపల ఉక్కుతీగ ఉన్న మరో పొట్టి తాడుతో చెట్టుకి కట్టుకుంటారు. ఎందుకంటే చేతిలో తిరిగే రంపానికీ, ప్రాణం నిలబెడుతున్న తాడుకీ మధ్య ఒక్కోసారి జానెడు దూరం కూడా ఉండదు.

ఈ పనిలో ఎవరూ దాటకూడని నియమం ఒకటుంది. ఒంటరిగా ఎవరూ చెట్టెక్కకూడదు. కింద కనీసం ఒకరుండాలి. ఆ ఉన్న మనిషి టీ తాగుతూ చూసే మనిషైతే చాలదు. పైవాళ్ళకి ఏమైనా అయితే తాడు మీద పైకి వెళ్ళి వాళ్ళని దించుకురాగల మనిషై ఉండాలి. అందుకే ఈ జట్లలో ఒకళ్ళమీద ఒకళ్ళకి ఉండే నమ్మకం అన్నదమ్ముల మధ్య కూడా ఉండదేమో అనిపిస్తుంది.

ఇక ఆ ప్యాంటు సంగతి చెప్పాలి. చూడ్డానికి మోటుగా, దళసరిగా ఉంటుంది. దాని లోపల పొడవాటి పోగులతో చేసిన పొరలుంటాయి. రంపం జారి తొడ మీద పడిందనుకోండి, గొలుసు ఆ పోగుల్ని బయటికి లాగేస్తుంది. అవి వెళ్ళి గొలుసుని తిప్పే పళ్ళచక్రానికి చుట్టుకుపోతాయి. రంపం ఠక్కున ఆగిపోతుంది. కుట్టుమిషను బాబిన్‌లో దారం చిక్కుపడితే మిషను మొరాయిస్తుంది చూడండి, అచ్చం అదే కిటుకు! మనకి విసుగు తెప్పించే ఆ చిక్కు అక్కడ కాలు కాపాడుతుంది. ఒకసారి అలా తెగితే ఆ ప్యాంటు పని అయిపోయినట్టే. కుట్టుకుని మళ్ళీ వేసుకోవడం కుదరదు.

పురిటిగదిలో పుట్టిన పరికరం

ఇంతకీ ఈ గొలుసు రంపం మొదట ఎందుకు పుట్టిందో తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అడవి కోసం కాదు, ప్రసవం కోసం! పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్కాట్లండులో జాన్ ఎయిట్కిన్, జేమ్స్ జెఫ్రీ అని ఇద్దరు వైద్యులుండేవారు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల ముందున్న కీలుని కోసి దారి వెడల్పు చేసే పద్ధతి అప్పట్లో ఉండేది. కడుపు కోసి బిడ్డని తీస్తే తల్లి బతకడం అరుదు కాబట్టి ఇదే నయమనుకునేవారు. ఆ పనికీ, చెడిపోయిన ఎముకలు తీయడానికీ చిన్న పళ్ళున్న గొలుసుకి రెండు చివర్లా పిడులు పెట్టి చేత్తో లాగే రంపం వాడారు. మత్తుమందు రావడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది. ఆ తల్లులు ఎలా భరించారో!

మోటారు తర్వాత వచ్చింది. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపం చేశాడు. దాన్ని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు చూస్తున్న గొలుసు రూపం మాత్రం ఒక పురుగు చలవ. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన 1946లో ఓ మొద్దు మీద కట్టెపురుగు పిల్లని చూశాడు. కుడికీ ఎడమకీ దవడలాడిస్తూ అది చెక్కని ఎటు కావాలంటే అటు తొలుచుకుపోతోంది. అదే పద్ధతిలో పళ్ళు చేసి చూశాడు. మన గుమ్మాలు తినేసే పురుగుని తిట్టుకుంటాం గానీ, దాని దగ్గర పాఠం నేర్చుకున్న మనిషి కూడా ఉన్నాడన్నమాట.

మాను పలకయ్యేదాకా

కొట్టేసిన చెట్టు ఏమవుతుంది? సన్నకొమ్మలు అక్కడికక్కడే యంత్రంలో పడి చిన్న ముక్కలైపోతాయి. వాటిని తోటల్లో మొక్కల మొదళ్ళలో పరుస్తారు. లావు కొమ్మలు చలికాలం పొయ్యిలోకి వెళతాయి. చిక్కంతా మానుతోనే! పచ్చి ఓక్ మాను ఒక ఘనపు మీటరు ముక్క టన్ను పైనే తూగుతుంది. ఇంటి వెనక తోటలోంచి, సన్నటి సందులోంచి దాన్ని బయటికి తేవాలంటే క్రేను కావాలి. తెచ్చినా పెద్ద కోతమిల్లులవాళ్ళు ఇళ్ళ మధ్య పెరిగిన చెట్లంటే మొహం తిప్పుకుంటారు. కారణం మేకులు. ఎవరో ఎప్పుడో బట్టలారేసే తాడు కట్టడానికి కొట్టిన కొక్కెం, కంచె తీగ, పిల్లల ఉయ్యాల గొలుసు... చెట్టు వాటన్నిటినీ ఏళ్ళ తరబడి మింగి పైన బెరడు కప్పేసుకుంటుంది. మిల్లు రంపం తగిలితే పళ్ళు ఎగిరిపోతాయి.

అందుకని కొందరు చెట్లపనివాళ్ళు మానుని మిల్లుకి తీసుకెళ్ళే బదులు మిల్లునే మాను దగ్గరికి తీసుకొస్తున్నారు. మిల్లంటే పెద్దదేం కాదు, సంచీలో పట్టే ఇనుప చట్రం. పెద్ద రంపం కత్తికి దాన్ని బిగిస్తారు. చట్రానికీ కత్తికీ మధ్య ఎంత ఎడం పెడితే పలక అంత మందం వస్తుంది. దీని వాడుక పేరు 'అలాస్కా మిల్లు'.

అయితే మొద్దు పైభాగం గుండ్రంగా ఉంటుంది కదా, చట్రం దేనిమీద జారాలి? అక్కడే ఉంది చమత్కారం. మొదటి కోతకి మొద్దు మీద ఓ అల్యూమినియం నిచ్చెన పొడవునా పడుకోబెట్టి బిగిస్తారు! నిచ్చెన మీద చట్రం జారుతూ పోతే పైచెక్క తెగి చదునైన ముఖం బయటపడుతుంది. ఇక నిచ్చెన తీసేసి ఆ చదును మీదే రెండో కోత, మూడో కోత. తెగిన సందులో చిన్న చీలలు దిగ్గొడుతూ వెళతారు, లేకపోతే పలక బరువుకి రంపం ఇరుక్కుపోతుంది. మన దగ్గర కూడా కోతమిల్లులు రాకముందు పెద్ద మానుని ఎత్తున నిలిపి పైన ఒకరు, కింద ఒకరు నిలబడి నిలువునా కోసేవారని పెద్దవాళ్ళు చెబుతారు. కిందివాళ్ళ కళ్ళనిండా రంపపు పొట్టే. ఇప్పుడు మనిషి బదులు మోటారు, అంతే తేడా.

తేలికని మాత్రం అనుకోకండి. అడ్డంగా కోయడం వేరు, నార వెంట నిలువుగా కోయడం వేరు. చెరుకుగడని అడ్డంగా నరకడానికీ, నిలువునా చీల్చడానికీ ఉన్న తేడా లాంటిది. అందుకే గొలుసు పళ్ళ పదును కూడా మార్చాలి. మామూలు గొలుసుకి ముప్ఫై డిగ్రీల వాలు ఉంటే, నిలువుకోత గొలుసుకి పది డిగ్రీల దాకా తగ్గిస్తారు. చిన్న రంపాలు ఈ పనికి ఆనవు. పెద్ద ఇంజను కావాలి. అది కూడా పూర్తి వేగంతో నిమిషాల తరబడి ఆపకుండా నడవాలి. మోకాళ్ళు వంచి, నడుము వంచి, ఆ పొగలోనే మొహం పెట్టి అంగుళం అంగుళం నెట్టుకుంటూ పోవాలి. ఒక్క పలకకి పావుగంట, అరగంట కూడా పట్టొచ్చు.

పొదుపు సంగతి కూడా చూద్దాం. గొలుసు రంపం కోత దాదాపు సెంటీమీటరు వెడల్పుంటుంది. అంగుళం పలకలు పది తీయాలంటే పది కోతలు. అంటే పది సెంటీమీటర్ల చెక్క, ఇంచుమించు నాలుగు పలకలు, పొట్టు కింద పోతాయి! పట్టీ రంపం ఉన్న మిల్లులో అయితే రెండు మూడు మిల్లీమీటర్లే పోతుంది. అందుకే తెలిసినవాళ్ళు ఈ పద్ధతిలో సన్నపలకలు తియ్యరు. రెండంగుళాలు, మూడంగుళాల మందంలో బల్లపైకి సరిపోయే వెడల్పాటి పలకలే తీస్తారు. చేవ ఉన్న మంచి మొద్దయితేనే పనికి దిగుతారు.

మరి ఇంత కష్టం ఎందుకంటే, మొదటి పలక తిరగేసిన క్షణం కోసమేనని చెప్పాలి. వందేళ్ళుగా ఎవరూ చూడని చారలు, సుడులు ఒక్కసారిగా బయటపడతాయి. పట్టుచీర మడత విప్పి కొంగు చూసినట్టుంటుంది. మేకు దిగిన ఓక్ చెక్కలో అయితే ఆ మేకు చుట్టూ నీలినలుపు మచ్చ పరుచుకుని ఉంటుంది. ఓక్ చెక్కలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే రంగది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీత గీస్తే నల్లగా తేలుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. మనకి అది కళ, వాళ్ళకేమో 'ఇక్కడ మేకుంది జాగ్రత్త' అనే హెచ్చరిక.

కోసిన పలకని వెంటనే బల్ల చేద్దామంటే కుదరదు. అప్పడం ఎర్రటి ఎండలో గబగబా ఎండితే వంకర్లు పోతుంది కదా? పలక కూడా అంతే. చివర్లకి మైనమో రంగో పూసి, నీడలో, నేలకి ఎత్తుగా, పలకకీ పలకకీ మధ్య అంగుళం మందం పుల్లలు పేర్చి గాలాడేలా ఆరబెట్టాలి. అంగుళం మందానికి ఏడాది చొప్పున లెక్క. మూడంగుళాల పలకైతే మూడేళ్ళు! ఎవరింటి వెనక చూసినా ఇలాంటి పేర్లు రేకు కింద కనిపిస్తూనే ఉంటాయి. సుద్దముక్కతో చెట్టు పేరు, కోసిన ఏడాది రాసి ఉంటాయి. తోటలో పూలమొక్కలకి చోటెక్కడిదని ఇల్లాలు నిలదీస్తే ఆయన దగ్గర జవాబుండదు.

ఇలాంటి పలకలకి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? చెట్టు పోయిందని బాధపడే ఇంటివాళ్ళ దగ్గర్నుంచే చాలావరకు. తాత నాటిన చెట్టు, పిల్లలు ఉయ్యాలూగిన చెట్టు కట్టెలైపోవడం ఇష్టంలేక దాంతో భోజనాల బల్ల చేయించుకుంటారు. చెట్ల జబ్బులు కూడా ఈ పనిని పెంచాయి. 1970లలో బ్రిటన్‌లో ఎల్మ్ చెట్లు తెగులుతో కోట్లలో చచ్చిపోయాయి. 1987 అక్టోబరు తుపానుకి ఒక్క రాత్రిలో కోటీ యాభై లక్షల చెట్లు కూలాయి. అమెరికాలో 2002లో డెట్రాయిట్ దగ్గర కనిపించిన ఓ ఆకుపచ్చ పురుగు యాష్ చెట్లని కోట్ల సంఖ్యలో తినేసింది. 2012 నుంచి బ్రిటన్‌లో యాష్ చెట్లకి వేరే శిలీంధ్రపు జబ్బు. ఈ జబ్బు పట్టిన యాష్ చెట్టంటే పనివాళ్ళకి హడలు. కొమ్మలు పెళుసైపోయి చెప్పాపెట్టకుండా విరుగుతాయి. అలాంటి చెట్టుని తాడేసుకుని ఎక్కడం మానేసి, ఎత్తే యంత్రపు బుట్టలో నిలబడి దూరం నుంచే కోస్తున్నారు.

ఇంట్లో పని ఎవరిది?

సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. జేబుల్లో పొట్టు, సాక్సుల్లో పొట్టు, చెవుల్లో పొట్టు. బట్టలకి గొలుసు నూనె, చెట్టు జిగురు. గొంగళిపురుగు నూగు కూడా ఉండొచ్చు. 2006లో లండన్‌లో స్థిరపడ్డ ఓ జాతి గొంగళి నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లే. ఆ బట్టలు ఉతకడం కూడా ఆషామాషీ కాదు. ఇందాక చెప్పుకున్న ప్యాంటుని లోపలున్న చీటీలో రాసినట్టే ఉతకాలి. బ్లీచింగు తగలకూడదు. పొరలు దెబ్బతింటే బయటికేమీ తెలీదు, రంపం జారిన రోజునే తెలుస్తుంది. కాబట్టి ఆ ఉతుకు ఒకరకంగా ప్రాణరక్షణ పనే. జీతంలేని పని అనేది వేరే సంగతి!

చిన్న జట్లలో ఫోనెత్తేది, ఎంతవుతుందో అంచనా రాసి పంపేది, బిల్లులు, బీమా, పన్ను లెక్కలు చూసేది చాలాచోట్ల ఇంటావిడే. పురపాలక సంఘం రక్షణ కింద ఉన్న చెట్టయితే అనుమతి కాగితాలు పెట్టేదీ ఆవిడే. లారీ మీద మాత్రం ఆయన పేరుంటుంది. మన దగ్గర కిరాణా కొట్టు మీద 'ఫలానా అండ్ సన్స్' అని రాసి, లోపల గల్లాపెట్టె దగ్గర ఆవిణ్ణి కూర్చోబెట్టినట్టే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎదురుచూపు ఒక ఎత్తు. అమెరికా ప్రభుత్వం ఏటా వేసే ప్రాణాంతకమైన వృత్తుల లెక్కల్లో అడవుల్లో చెట్లు నరికే పని ఎప్పుడూ మొదటి వరసలోనే ఉంటుంది. ఇళ్ళ మధ్య చెట్లపని కూడా అంతకేం తీసిపోదు. కింద పడటం, కొమ్మ మీద పడటం, కరెంటు తీగ... రంపం కత్తి కొస పైభాగం దేనికైనా తగిలితే చాలు, మొత్తం రంపం మొహం మీదికి ఎగురుతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఫోను మోగితే ఇంట్లో ఉన్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో మన లారీ డ్రైవర్ల భార్యల్నీ, చేపలవేటకి వెళ్ళేవాళ్ళ భార్యల్నీ అడిగితే చెబుతారు.

వేళ్ళు తెల్లబడితే...

పడిపోవడం ఒక్క క్షణంలో జరిగేది. ఏళ్ళ మీద జరిగేది ఇంకోటుంది. రంపం అదురు రోజూ గంటల తరబడి చేతుల్లోకి పాకుతుంటే వేళ్ళల్లోని సన్నటి రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగలగానే వేలి కొసలు పాలిపోయి సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. మొదట తిమ్మిరి. తర్వాత చొక్కా గుండీ పెట్టుకోవడం రాదు. చంటిదాని చెంప మెత్తదనం వేలికి తెలీదు. దీన్ని అక్కడ 'తెల్లవేళ్ళ జబ్బు' అంటారు. 1960, 70లలో జపాన్, స్వీడన్ అడవి పనివాళ్ళలో ఇది విపరీతంగా బయటపడింది. అప్పట్నించీ పిడులకి రబ్బరు, స్ప్రింగులు పెట్టి అదురు తగ్గించారు. బ్రిటన్‌లో 2005 నుంచి రోజుకి ఎంత అదురు మించకూడదో చట్టమే చెబుతోంది. ముదిరిన నరాల నష్టం మళ్ళీ రాదు కాబట్టి తొలి తిమ్మిరిలోనే డాక్టరుకి చూపించుకోవాలి. కానీ పని పోతుందన్న భయంతో మగవాళ్ళు చెప్పరు. గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే ముందు కనిపెట్టేది ఇంటావిడే.

చెవులు కూడా అంతే. ఈ రంపం మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. చెవులకి కప్పులు లేకుండా పనిచేస్తే వినికిడి పోవడం ఖాయం. ఈమధ్య బ్యాటరీ రంపాలొచ్చాక మోత, పొగ తగ్గాయి. చెట్టు మీద చిన్నకొమ్మల పనికి అవే వాడుతున్నారు. పెద్ద మాను నిలువుకోతకి మాత్రం ఇంకా పెట్రోలుదే రాజ్యం.

ఆడవాళ్ళూ ఎక్కారు

ఇది మగవాళ్ళ పని కదా అంటారా? రెండో ప్రపంచయుద్ధం మాట వినండి. మగవాళ్ళు యుద్ధానికి పోతే, బొగ్గుగనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలకి కరువొచ్చింది. 1942లో బ్రిటన్ ప్రభుత్వం మహిళా కలప దళం పెట్టింది. క్షౌరశాలల్లో, దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసుకునే అమ్మాయిలు వేలమంది చేరారు. కొద్ది వారాల శిక్షణ, ఆకుపచ్చ టోపీ, చేతికి గొడ్డలి! చెట్లు కొట్టారు, గుర్రాలతో లాగించారు, కోతమిల్లులు నడిపారు. మగవాళ్ళ కంటే జీతం తక్కువే. 1946లో దళాన్ని రద్దుచేసి ఇళ్ళకి పంపించేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్ళని తలుచుకున్నవాళ్ళే లేరు. స్కాట్లండులో అబెర్‌ఫాయిల్ దగ్గర వాళ్ళకో కంచు విగ్రహం నిలబెట్టింది 2007లో! అప్పటికి వాళ్ళల్లో బతికున్నవాళ్ళు ఎనభై ఏళ్ళ బామ్మలు.

అమెరికాలోనూ ఇలాంటి కథే ఉంది. 1938 సెప్టెంబరు తుపానులో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో లెక్కలేనన్ని పైన్ చెట్లు కూలితే, చెడిపోకుండా మొద్దుల్ని చెరువుల్లో ముంచి ఉంచారు. యుద్ధకాలంలో వాటిని కోయడానికి మగవాళ్ళు దొరక్క, టర్కీ పాండ్ అనే చెరువు ఒడ్డున మిల్లుకి ఆడవాళ్ళని పెట్టారు. డజను మంది మామూలు గృహిణులు, రైతుకుటుంబాల ఆడవాళ్ళు ఆ మిల్లు నడిపారు.

ఇప్పుడు మరింత మార్పొచ్చింది. చెట్లెక్కడంలో ప్రపంచ పోటీలు 1976 నుంచి జరుగుతున్నాయి. ఎంత వేగంగా ఎక్కారన్నదే కాదు, చెట్టు మీద స్పృహతప్పిన మనిషిని ఎంత భద్రంగా దించారన్నది కూడా అందులో ఒక పరీక్ష. ఆడవాళ్ళ విభాగంలో బ్రిటన్‌కి చెందిన జోసఫిన్ హెడ్జర్, న్యూజిలాండ్‌కి చెందిన క్రిసీ స్పెన్స్ పలుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. ఇద్దరూ రోజూ చెట్ల మీద పనిచేసుకుని బతికేవాళ్ళే. అయినా ఇవాళ్టికీ ఈ వృత్తిలో ఆడవాళ్ళ సంఖ్య బాగా తక్కువ. ఆడవాళ్ళ కొలతలకి సరిపోయే ప్యాంట్లు, పట్టీలు దొరకడం కూడా ఈమధ్య మాటే.

అదే రంపం, వేరే బతుకు

ఇంగ్లండులో భోజనాల బల్ల కోసం కోసే ఇదే రంపం పశ్చిమాఫ్రికాలోని ఘనాలో పొట్టకూడు. అడవిలోనే మానుని కోసి పలకలు చేసి బజారుకి తెస్తారు. చాలామందికి చట్రం కూడా ఉండదు, కంటి అంచనాతో, చేతివాటంతో కోయడమే. 1998లో అక్కడి ప్రభుత్వం అమ్మకం కోసం ఇలా కోయడాన్ని నిషేధించింది. కానీ జనం ఇళ్ళు కట్టుకునే చౌక చెక్కలో సింహభాగం ఆ తర్వాత కూడా వాళ్ళ నుంచే వచ్చింది. పెద్ద మిల్లుల కలప విదేశాలకి ఎగుమతై పోతుంటే ఊళ్ళో జనం ఏం చేస్తారు? నిషేధం వల్ల పని ఆగలేదు. రాత్రిపూట జరగడం మొదలైంది. దక్షిణ అమెరికాలోని గయానాలో మాత్రం అనుమతి తీసుకుని చట్టబద్ధంగానే చేసుకుంటారు.

అన్నట్టు, రంపం చేతిలో ఉన్న ప్రతివాడూ చెట్ల మనిషి కాదు. ఇంగ్లండులో హేడ్రియన్ గోడ పక్కన రెండు గుట్టల నడుమ ఒంటరిగా నిలబడ్డ సికమోర్ చెట్టుని 2023 సెప్టెంబరులో ఓ రాత్రి ఎవరో కోసేశారు. నిమిషాల పని! దేశమంతా కంటతడి పెట్టింది. 2025లో ఇద్దరికి నాలుగేళ్ళ మూడు నెలల చొప్పున జైలుశిక్ష పడింది.

మన పెరట్లో

మనకీ ఈ రంపం కొత్తకాదిప్పుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు విశాఖలో రోడ్లకి అడ్డంగా చెట్లే చెట్లు. అవి కోస్తేగానీ పాలబండి కదల్లేదు, కరెంటు తీగ లేవలేదు. ఆ రోజుల్లో కోతమిషను భుజాన వేసుకొచ్చిన మనుషుల్ని జనం దేవుళ్ళలా చూశారు. కానీ వాళ్ళ ఒంటి మీద ఏముంటుంది? లుంగీ, బనీను, కాళ్ళకి హవాయి చెప్పులు. కొమ్మకి నడుముకి కలిపి ఓ కొబ్బరితాడు. హెల్మెట్టు మాట దేవుడెరుగు, చెవుల్లో దూది కూడా ఉండదు. కింద వాళ్ళావిడ పడిన కొమ్మల్ని కట్టెల మోపులు కడుతూ ఉంటుంది, ఒక్కోసారి సరిగ్గా కొమ్మ పడే చోటే.

మార్పు రాదని కాదు. కేరళలో 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు యంత్రంతో కొబ్బరిచెట్టెక్కడం నేర్పిస్తే ఆడవాళ్ళు కూడా నేర్చుకుని ఉపాధి చేసుకున్నారు. తెలంగాణలో తాటిచెట్ల మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్న గీత కార్మికుల కోసం 2024 జులైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో ప్రభుత్వం తాళ్ళు, పట్టీలున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా మోకునే నమ్ముకున్న చేతులకి కొత్త తాడు అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. ఇళ్ళల్లో చెట్లు కొట్టే కూలీలకి మాత్రం అలాంటిదేదీ దిక్కులేదు. వాళ్ళకో సంఘమూ లేదు, లెక్కలో వాళ్ళు లేరు.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో చెట్టు పని పెట్టుకున్నప్పుడు బేరానికి ముందు కొన్ని సంగతులు చూసుకోండి. చెట్టు మొత్తం కొట్టించాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. చాలాసార్లు రెండు కొమ్మలు తీయిస్తే సరిపోయేదానికి చెట్టంతా కొట్టించేస్తుంటాం, అదొక్కటి ఆలోచించండి. తీగల దగ్గరి కొమ్మయితే ముందు కరెంటాఫీసుకి ఫోన్ చేసి సరఫరా ఆపించండి. ఒక్కడే వస్తే వద్దనండి, తోడు మనిషిని తెచ్చుకోమనండి. ఇంట్లో స్కూటరు హెల్మెట్టుంటే అదైనా ఇవ్వండి, అసలుది కాకపోయినా ఉత్తి తల కన్నా నయం. చెట్టు కూల్చేటప్పుడు అది ఎంత ఎత్తుందో అంతకి రెండింతల దూరంలో ఉండాలన్నది ఇంగ్లండు పనివాళ్ళ లెక్క. మన ఇళ్ళ మధ్య అంత చోటుండదు గనక కనీసం పిల్లల్ని లోపల కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టండి. మాను బాగుంటే కట్టెలకి ఇచ్చేసే ముందు అడితిలో ఓసారి అడిగి చూడండి, వేప పలకకి మంచి ధరే పలకొచ్చు. తాడు మీద ఆరేసిన బట్టలు మాత్రం వాళ్ళు రాకముందే తీసేసుకోండి. రంపపు పొట్టు ఓ పట్టాన వదలదు!